గోడా పిడుగూ విడిపోయిన సంగతి

కుస్తీ కంపెనీలో ఇరవై ఆరేళ్ళు రిఫరీగా పనిచేశాను. ఆ సంగతి తెలిస్తే చాలు, బస్సులో పక్క సీటువాడు కూడా ఒకటే అడుగుతాడు: "అదంతా నాటకమేగా?" ఒకప్పుడు చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడు ఓపిగ్గా జవాబు చెబుతున్నాను. ఎవరు గెలవాలో ముందే అనుకుంటాం, నిజమే. ఎవరు ఎవర్ని ఎత్తాలో, ఎప్పుడు పడెయ్యాలో కూడా అనుకుంటాం. కానీ పడేవాడు పడేది చెక్కల మీదే. కింద ఇనప చట్రం, దాని మీద చెక్కలు, ఆ పైన వేలెడు మందం స్పాంజి, దాని మీద ఒక గుడ్డ. నమ్మకం కలక్కపోతే మీ మంచం మీద నిలబడి నేల మీదికి వెల్లకిలా ఒక్కసారి పడి చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నేను చెప్పబోయేది గోడ గురించి. అయితే అతను జోడీ కుస్తీ మనిషి కాబట్టి రెండోవాడు రాకుండా కథ నడవదు. జోడీ కుస్తీలో అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. రింగు లోపల ఒక్కడే ఉండాలి, రెండోవాడు తాళ్ళకి బయట మూల నిలబడాలి. లోపలివాడు వచ్చి చేతిలో చెయ్యి వేస్తేనే బయటివాడు లోపలికి రావాలి. గోడకి జోడీ ఎవరంటే పిడుగు. పిడుగు అతని భార్యకి స్వయానా తమ్ముడు.

వాళ్ళ అసలు పేర్లు కంపెనీ రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వినపడేవి కావు. గోడ మొదట్లో గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. మెడ అనేది ఉందా లేదా అనిపించే భుజాలు, నోట్లో నాలుక లేదేమో అనిపించే స్వభావం. ఎంత కొట్టినా కదిలేవాడు కాదు కనుక ఆ పేరు పడింది. పిడుగు సన్నగా పొడుగ్గా ఉండేవాడు, నోరు తెరిస్తే మూతపడేది కాదు. బావ ఆట చూద్దామని ఒకరోజు వచ్చాడు, నెల తిరక్కుండా తానే రింగులో దూకాడు.

ఇద్దరి మధ్యా పని పంపకం మొదటి ఏడాదిలోనే స్థిరపడిపోయింది. గోడ పన్నెండు నిమిషాలు తన్నులు తినాలి. పాక్కుంటూ మూలకి చేరి చెయ్యి వెయ్యాలి. పిడుగు దూకి రెండు నిమిషాల్లో ఇద్దర్నీ చితక్కొట్టి గెలవాలి. జనం పిడుగుని భుజాల మీద మోసుకెళ్ళేవాళ్ళు. ఆ సమయంలో గోడ బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని, ఐసు ముక్కలు తువ్వాల్లో కట్టి మెడ మీద పెట్టుకునేవాడు.

"నీకు ఎప్పుడూ గెలవాలనిపించదా?" అని ఒకసారి అడిగాను.

"వాడు గెలిస్తే నేను గెలిచినట్టు కాదా, రిఫరీ గారూ?"

"అది పత్రికలవాళ్ళకి చెప్పే మాట. లోపల ఏమనుకుంటావు?"

"లోపల ఎప్పుడైపోతుందా అనుకుంటాను," అన్నాడు.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. కింద రెండు గదుల్లో గోడా, అతని భార్యా. మేడ మీద గదిలో పిడుగు. గోడ దంపతులకి పిల్లల్లేరు. పిడుగు పెళ్ళి ఊసెత్తితే మేడెక్కేసేవాడు. ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కన ఉండేది. వీధిలో సగంమంది బట్టలు ఆవిడే కుట్టేది, రింగులో వీళ్ళిద్దరి బట్టలు కూడా. పిడుగుకి మెరిసే పసుపు, గోడకి నలుపు. నలుపులో చిరుగులు కనపడవని ఆవిడ లెక్క. ఒక్కోసారి నేను భోజనానికి వెళితే ఆ ముగ్గురూ ఒకరినొకరు ఆటపట్టించుకునే తీరు చూసి కడుపు నిండేది. "మా ఆయన్ని కొట్టినవాళ్ళందరి పేర్లూ రాసిపెట్టండి అన్నయ్యగారూ, ఒక్కొక్కళ్ళకీ చొక్కా బిగుతుగా కుట్టి పంపిస్తాను," అనేది ఆవిడ నాతో.

పదిహేను ఏళ్ళు అలాగే గడిచాయి. వాళ్ళని ఓడించిన జోడీ లేదు, అంటే వాళ్ళని ఓడించమని మా యజమాని చెప్పలేదు.

పిడుగుకి ఏదో తేడా చేసిందని అందరికంటే ముందు కనిపెట్టింది గోడే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. గోడ తన్నులన్నీ తిని, పాక్కుంటూ వచ్చి చెయ్యి వేశాడు. పిడుగు తాళ్ళ మీదుగా దూకాడు. దూకి నడిమధ్యన నిలబడిపోయాడు. ఎదుటి జోడీ ఇద్దరూ దెబ్బలు తినడానికి సిద్ధంగా నిలబడ్డారు. వాడు వాళ్ళ వంక చూశాడు, జనం వంక చూశాడు, నా వంక చూశాడు. తెలియని ఊళ్ళో బస్సు దిగినవాడిలా ఉంది ఆ చూపు. 

అప్పుడు కింద పడుకుని మూలుగుతున్న గోడ, పెదవులు కదపకుండా అన్నాడు: "ఎడంపక్కవాణ్ణి. నడుం పట్టి ఎత్తు." వాడు ఎత్తాడు. "రెండోవాణ్ణి మోచేత్తో." కొట్టాడు. "వాడి మీద పడుకో." పడుకున్నాడు. నేను చేత్తో నేల చరిచి మూడు లెక్కపెట్టాను. జనం ఈలలు వేశారు.

గదిలోకి వచ్చాక పిడుగు నవ్వుతూనే, "బావా, ఒక్క క్షణం బుర్ర ఎటో పోయింది," అన్నాడు.

"ఎండ," అన్నాడు గోడ.

పైన రేకులు, చుట్టూ గోడలు ఉన్న హాల్లో ఎండ ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు పిడుగు తనంతట తాను ఆడిన ఆట ఒక్కటీ లేదు. అడుగడుగునా గోడ గుసగుసగా చెప్పేవాడు, వాడు చేసేవాడు. దూరంగా ఉంటే ఆ మాట నేను మోసుకెళ్ళేవాణ్ణి. గోడకి దెబ్బ ఎలా ఉందో చూస్తున్నట్టు వంగి, అతను చెప్పింది విని, పిడుగు దగ్గరికెళ్ళి వేలు చూపించి హెచ్చరిస్తున్నట్టు ఆ ముక్క అప్పజెప్పేవాణ్ణి. జనానికి రిఫరీ భలే కఠినంగా ఉన్నాడని పేరొచ్చింది. ఎత్తిన మనిషిని ఎప్పుడు దించాలో మరిచిపోయేవాడు రింగులో ఉండకూడదు. అది గోడకి తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నాం. ఎందుకు మూసుకున్నామంటే, రింగు లేకపోతే వాడు ఏమైపోతాడో అని. ఇది సాకు అని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

పిడుగు చేత తక్కువ చేయించాలని గోడ ఆటనే మార్చేశాడు. వాడి రెండు నిమిషాలు ఒకటయింది. తన పన్నెండు పదహారయ్యాయి. అంటే ప్రతి ఆటకీ నాలుగైదు సార్లు ఎక్కువగా వీపు మీదా మెడ మీదా పడటం. మూడో ఏడు తిరిగేసరికి అతనికి కుడిచేతి రెండు వేళ్ళు తిమ్మిరెక్కి ఉండిపోయాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేక గదిలో నా చేత పెట్టించుకునేవాడు. ఇంట్లో భార్యకి చెప్పలేదు. వైద్యుడి దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. ఆయన ఎక్స్-రే దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "మెడలో నరం నలిగిపోతోంది. ఇంకో ఏడాది ఇలాగే పడితే చెయ్యి మీది కాదు," అన్నాడు. గోడ తల ఊపాడు, ఎవరి గురించో వింటున్నట్టు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని యజమాని గదికి వెళ్ళాడు.

"మమ్మల్ని విడదీయండి సార్," అన్నాడు.

మా వ్యాపారంలో జోడీ ముగిసిపోయే పద్ధతి ఒక్కటే. ఇద్దర్లో ఒకడు రెండోవాడికి వెన్నుపోటు పొడవాలి. ఆ రోజు హాలు కిక్కిరిసిపోతుంది. యజమాని కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. "ఈ మాట నేనే ఎలా అడగాలా అని చూస్తున్నానయ్యా! ఎవరు ఎవర్ని?"

"నేనే వాణ్ణి."

"జనం నిన్ను చీల్చేస్తారు."

"చీల్చనీండి. మూడు నెలల తర్వాత మా ఇద్దరికీ ఆట పెట్టండి. వాడు నన్ను కొట్టి గెలుస్తాడు. ఆ తర్వాత ఇద్దరం మానేస్తాం."

బయట వరండాలో నేను పట్టుకున్నాను. "వాడికి చెప్పావా?"

"యజమాని నిర్ణయం అని చెబుతానండీ. చప్పట్ల మధ్య గెలిచి దిగిపోతాడు. వాడికేమైందో ఎవరికీ తెలియక్కర్లేదు. నా మెడ సంగతి కూడా."

"నువ్వే అడిగావని చెప్పొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ," అని మెట్లు దిగిపోయాడు. నేను కూడా ఆ గుట్టు కడుపులో పెట్టుకుని ఊరుకున్నాను.

పిడుగు ఆ కబురు విని ఎగిరి గంతేశాడు. "బావ నన్ను కొడతాడా? భలే భలే! గట్టిగా కొట్టు బావా, లేకపోతే జనం నవ్విపోతారు." మేం అనుకున్నది ఇదీ: జోడీ ఆట గెలిచాక వాడు జనం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి నిలబడాలి. వెనక నుంచి గోడ మడత కుర్చీతో వీపు మీద కొట్టాలి. రెండు రెక్కల మధ్య, కుర్చీ బల్లపరుపుగా తగిలేటట్టు. అలా తగిలితే చప్పుడే ఎక్కువ. ఇరవైసార్లు సాధన చేయించాం. వాడికి నేర్పింది ఒక్కటే: వెనక్కి తిరక్కు.

ఆ రోజు రానే వచ్చింది. పిడుగు గెలిచాడు, చేతులెత్తాడు, కదలకుండా నిలబడ్డాడు. గోడ కుర్చీ తీసుకుని వాడి వెనక్కి వచ్చాడు. జనానికి అర్థమై గోలగోలగా అరవడం మొదలుపెట్టారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి విన్నాను. కుర్చీ పైకెత్తి, నాలుగేళ్ళ అలవాటు కొద్దీ, గోడ గుసగుసగా అన్నాడు: "కదలకు."

నాలుగేళ్ళుగా ఆ గొంతు వినపడగానే అటు తిరిగి వినడం వాడికి అలవాటు. తిరిగాడు.

కుర్చీ అంచు కనుబొమ మీద తగిలింది. గోడ ఆపుకోవాలని చూశాడు, చేతికి పట్టు లేదు. వాడు కింద పడలేదు. రక్తం కంట్లోకి కారుతుంటే, ఏం చెప్పబోతున్నావు బావా అన్నట్టు అలాగే చూస్తూ నిలబడ్డాడు. నేనే పట్టుకుని పడుకోబెట్టాను. ఆరు కుట్లు పడ్డాయి. యజమాని అయితే ఇంత సహజంగా ఎప్పుడూ కుదరలేదని మురిసిపోయాడు. ఆయన్ని అప్పుడు కొట్టాలనిపించింది. కొట్టలేదు, జీతగాణ్ణి.

ఇక మా కంపెనీ కట్టుబాటు గురించి చెప్పాలి. రింగులో శత్రువులైనవాళ్ళు బయట కలిసి కనపడకూడదు. ఒకే బండి ఎక్కకూడదు, ఒకే బల్ల దగ్గర తినకూడదు. వెనకటికి ఇద్దరు శత్రువులు టీ కొట్టు దగ్గర ఒకే పత్రిక చదువుకుంటూ దొరికిపోతే, రెండు నెలలు జనం వాళ్ళని చూసి నవ్వారు. గోడ వాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లోనూ మా ఆట చూసేవాళ్ళున్నారు. అందుకని గోడ ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని ఐదు వీధుల అవతల సైకిళ్ళ షాపు మీద ఒక గది తీసుకున్నాడు. మూడు నెలలే కదా అనుకున్నారు. భార్య తమ్ముడి దగ్గర ఉండిపోయింది.

అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు. నేర్చుకుంది. చీరకి అంచు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు, "మీ ఆయన మీ తమ్ముణ్ణి అలా ఎలా కొట్టాడమ్మా? రాక్షసుడు కాకపోతే!" అనేవాళ్ళు. ఆవిడ మిషను తొక్కుతూనే, "ఆ మనిషి మొహం చూడను. నా తమ్ముడి మీద చెయ్యి చేసుకున్నవాడు నాకేమీ కాడు," అనేది. వీధిలో మొగుణ్ణి ఎంత తిడితే ఆట అంత నిలబడుతుందని ఆవిడకి మేమే చెప్పాం. మేడమీద పిడుగు అదంతా వినేవాడు.

మొదటి వారం వాడు కిందికి దిగి, "అక్కా, ఏం తిట్టావే! నిజమనుకున్నా," అని పడీ పడీ నవ్వేవాడట. మూడో వారం నవ్వలేదు. ఐదో వారం అన్నం ముందు కూర్చుని, "అక్కా, బావ నన్నెందుకు కొట్టాడు?" అన్నాడు. ఆవిడ తెల్లబోయింది. కిటికీ తెరిచి ఉంది, అవతల అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. "దుర్మార్గుడు కాబట్టి కొట్టాడు," అని పైకి అని, దగ్గరికెళ్ళి చెవిలో "ఆటరా, మరిచిపోయావా?" అంది. చెవిలో చెప్పింది వాడికి నిలవలేదు. పైకి అన్నది నిలిచిపోయింది.

ఆవిడ ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, కుర్చీ దెబ్బకే వీడిలా అయ్యాడా?"

కాదని, నాలుగేళ్ళ నుంచీ ఉందని చెప్పాను. గోడ మెడ గురించి కూడా చెప్పాను. "అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. ఇద్దరికీ వండిపెట్టి పంపింది నేను, ఇద్దరి సంగతీ తెలియనిది నాకు," అంది. తలెత్తలేకపోయాను. యజమాని గదిలో జరిగింది మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. చివరి ఆటకి ఇంకా ఏడెనిమిది వారాలుంది. పోస్టర్లు గోడల మీదికి ఎక్కేశాయి: ఒకపక్క కట్టు కట్టిన పిడుగు మొహం, ఇంకోపక్క కుర్చీ ఎత్తిన గోడ. పిడుగు ఎక్కడికి వెళ్ళినా అదే బొమ్మ. గోడకి కబురు చెబితే అతను ఒక్కటే అన్నాడు: "ఎదురుపడితే నా గొంతు గుర్తుపడతాడండీ. రింగులో గుర్తుపట్టకపోడు." నాకూ అలాగే అనిపించింది. మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

చివరి ఆట మొదలవుతూనే పిడుగు గోడ మీద పడి మెడ పట్టుకున్నాడు. అనుకున్న దాంట్లో అది లేదు. జనం లేచి నిలబడ్డారు. వాడి మొహంలో కోపం, కన్నీళ్ళు, అన్నీ అచ్చంగా కనపడుతున్నాయి. ఎంత బాగా చేస్తున్నాడు, బుర్ర బాగైపోయినట్టుందే అని సంతోషపడ్డాను. నా బతుకులో నేను సిగ్గుపడే క్షణాలు ఉన్నాయి గానీ, దానంత పెద్దది లేదు. గోడ పెదవులు కదిలాయి. "ఒరేయ్, నేనురా," అన్నాడు. ఆ మాట వినగానే పిడుగు ఇంకా బిగించాడు. గోడ ఎడంచేత్తో నా బూటు తట్టాడు, రెండుసార్లు. మా వాళ్ళలో దానికి ఒకటే అర్థం: ఇది ఆట కాదు. అప్పుడు గానీ నాకు కళ్ళు తెరుచుకోలేదు. నలుగురం పట్టి లాగితే విడిపోయాడు.

ఇద్దరి కుస్తీ ఆ రోజుతో ముగిసింది. గోడ కుడిచెయ్యి మోచేతి కింద నుంచి పనికిరాకుండా పోయింది. ఒకప్పుడు రెండేసి బస్తాలు ఎత్తిన గిడ్డంగిలోనే గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చారు. లారీ వస్తే ఎడంచేత్తో గేటు తెరవాలి, పోతే మూయాలి. పిడుగుని చూసిన వైద్యుడు, తలకి తగిలిన దెబ్బలు ఏళ్ళ తరబడి పేరుకుని ఇలా చేశాయన్నాడు. కుర్చీ దెబ్బ ఒక్కదాన్ని అనలేమన్నాడు. అనకుండా ఉండలేమని కూడా అన్నాడు.

కట్టుబాటు తీరిపోయింది, ఎవరితో ఎవరు కనపడినా అడిగేవాడు లేడు. గోడ సంచీ పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో అతన్ని చూడగానే పిడుగు వణికిపోయాడు. అక్కని వెనక్కి నెట్టి తాను అడ్డం నిలబడ్డాడు. "లోపలికి పో అక్కా. నిన్ను కూడా కొడతాడు వీడు." గోడ రెండడుగులు వేయగానే ఇల్లంతా అదిరేటట్టు కేకలు. గోడ వెనక్కి తిరిగి సైకిళ్ళ షాపు మీది గదికి వెళ్ళిపోయాడు.

మూడు నెలలనుకున్నది ఏడాది దాటింది. సొంత ఇల్లు ఐదు వీధుల దూరంలో ఉంది, కాలు పెట్టడానికి లేదు. తమ్ముణ్ణి వదిలి ఆవిడ రాలేదు. మధ్యాహ్నం వాడు నిద్రపోయినప్పుడు గబగబా గిన్నెలో అన్నం పెట్టుకెళ్ళి, అరగంట కూర్చుని వచ్చేసేది. "కట్టుకున్న మొగుణ్ణి దొంగచాటుగా కలిసేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను," అని నాతో నవ్వింది ఒకసారి. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఆ ఏడాదంతా పిడుగుని ఒప్పించడానికి మేం చెయ్యనిది లేదు. పాత ఫొటోలు చూపించాం. సాధన చేసిన కుర్చీ తెచ్చి, ఇలా కదా అనుకున్నాం అని నా వీపు మీద నేనే కొట్టించుకుని చూపించాను. యజమాని కూడా వచ్చి, అది నాటకమయ్యా అని చెప్పాడు. పిడుగు నా వంక అసహ్యంగా చూశాడు. "నువ్వు పక్కనే ఉన్నావు. చూస్తూ ఊరుకున్నావు. నువ్వూ వాళ్ళ మనిషివే." బుర్ర చెడినవాడి మాట అని కొట్టిపారెయ్యడానికి నాకు నోరు రాలేదు.

ఒక ఆదివారం పొద్దున గోడ నన్ను పిలిచి, "ఇంకొక్కసారి వెళదాం రండి," అన్నాడు. వెళ్ళాం. ఆవిడ మిషను దగ్గర ఉంది. పిడుగు పక్కన పీట మీద కూర్చుని, దారం కండెలు రంగుల వారీగా వేరుచేస్తున్నాడు. గోడని చూసి లేచాడు. ఆ రోజెందుకో కేక పెట్టలేదు. కండె చేతిలో పట్టుకుని, వణుకుతూ అడిగాడు: "నన్నెందుకు కొట్టావు?"

ఆట అని చెప్పాలి గోడ. ఏడాది నుంచీ చెబుతున్నది అదే. అవునవును అని తలూపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

గోడ గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాడు. "కావాలనే కొట్టానురా," అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను.

"యజమాని కాదు. విడదీయమని అడిగింది నేనే."

కుట్టుమిషను ఆగిపోయింది. ఆవిడ తల తిప్పి మొగుడి వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"ఎందుకు?" అన్నాడు పిడుగు.

"నువ్వు ఆట మరిచిపోతున్నావు. నాలుగేళ్ళు నేను చెబితే ఆడావు. నా మెడ పోయింది, చెయ్యి పోయింది. ఇంక నిన్ను మొయ్యలేకపోయానురా. ఆ మాట నీతో చెప్పలేక, జనం ముందు దొంగలా కొట్టాను."

పిడుగు చాలాసేపు అతన్నే చూశాడు. మొహంలో భయం పోయింది, కోపం కూడా లేదు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి మా పిడుగు మొహంలా కనపడింది.

"అంతేనా?"

"అంతే."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా, బావా. నేనే దిగిపోయేవాణ్ణి."

గోడ పెద్దగా ఏడ్చాడు. పదహారేసి నిమిషాలు తన్నులు తింటూ ఏడుపు నటించిన మనిషి, అసలు ఏడుపు ఎలా ఏడవాలో తెలియనట్టు ఏడ్చాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు, మొగుడితో అవసరానికి మాత్రమే మాట్లాడింది.

గోడ ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. అయితే పిడుగుకి ఒక రోజు జరిగింది మర్నాటికి ఉండదు. రోజూ పొద్దున్నే లేచి, గోడని చూసి, వణుకుతూ అదే ప్రశ్న అడుగుతాడు. గోడ పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా అంతా మళ్ళీ చెబుతాడు. అబద్ధం చెప్పిన రోజు వాడు ఒప్పుకోడు, కేకలు పెడతాడు. నిజం చెబితే శాంతిస్తాడు. ఆపైన రోజూ "నాతో చెప్పొచ్చుగా, బావా" అన్న ఆ ఒక్క మాటే అంటాడు, ఈ రోజే కొత్తగా తెలిసినట్టు, అంతే ప్రేమగా. నేను మధ్యాహ్నం పూటే వెళ్ళి వస్తున్నాను. పొద్దున వెళ్ళి ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.